ఒక రిపోర్టులో 1.005, ఇంకో రిపోర్టులో 1.030: మా ఆయన కిడ్నీలు బాగున్నట్టా, లేనట్టా?

హైదరాబాద్ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె అత్తవారిది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు ఒక పల్లె. మావయ్యగారు కొన్నేళ్లు డయాలసిస్ మీద ఉండి చనిపోయారు. ఊళ్లో తల్లి దగ్గరే ఉంటున్న బావగారికి 44 ఏళ్లు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) 2.8కి చేరింది. భర్తకు 36 ఏళ్లు. నగరంలో అపార్ట్‌మెంట్లు కట్టే సైట్‌లో సూపర్‌వైజర్. జనవరిలో కంపెనీవాళ్లు అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. అదే రోజు కడుపు స్కానింగ్ కూడా ఉందట. యూరిన్ రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) 1.005 అని వచ్చి, పక్కన ‘తక్కువ’ అని గుర్తు పెట్టారు. ఫోన్‌లో వెతికితే, కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కోల్పోతే ఇలా తగ్గుతుందని కనిపించింది. ఆ రాత్రి నుంచి ఆమెకు నిద్ర లేదు. రక్తంలో క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) 89 అని ఉన్నా, ‘90 కంటే తక్కువ’ అన్న మాట మళ్లీ భయపెట్టింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం సైట్‌లో ఆయనకు కళ్లు తిరిగాయి. దగ్గర్లోని క్లినిక్‌లో యూరిన్ పరీక్ష చేస్తే ఈసారి 1.030, ప్రొటీన్ ‘ట్రేస్’ అని వచ్చింది. “నీళ్లు బాగా తాగండి” అని పంపేశారు. అప్పటి నుంచి ఆమె రోజుకు ఆరేడు లీటర్లు తాగిస్తోంది. సైట్‌కు ఫోన్ చేసి మరీ ఎన్ని సీసాలు అయ్యాయో అడుగుతోంది. ఆయన రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. అది చూసి ఆమెకు ఇంకా టెన్షన్. అత్తయ్య ఏమో ఫోన్‌లో, “నీళ్లెక్కువైతే కిడ్నీ అలిసిపోద్దమ్మా, పెద్దోడికి నేను రోజుకో లీటరు దాటనివ్వను” అంటున్నారట. ల్యాబ్ కుర్రాడు ఒకతను, 12 గంటలు నీళ్లు ముట్టకుండా ఉండి పరీక్ష చేయిస్తే కిడ్నీ సత్తా తేలిపోతుందన్నాడు. ఈ ఆదివారం ఇంట్లోనే అలా చేయిద్దామని ఆమె ఆలోచన. భర్త ఒప్పుకోవడం లేదు. “బతికుండగానే నన్ను మా నాన్నని చేసేస్తున్నావు” అని కసిరారు. నడుం నొప్పికి ఆయన మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకుంటారని ఉత్తరం మధ్యలో ఒక వాక్యం ఉంది. చివర్లో, తొమ్మిదేళ్ల బాబుకు కూడా పరీక్షలు చేయించాలా అని అడిగారు.

అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్న, రెండు రిపోర్టుల్లో ఏది నిజం అని. రెండూ నిజమే. ఇంకా చెప్పాలంటే, ఆ రెండూ వేర్వేరుగా రావడమే మీకు మంచి వార్త. ఎందుకో చెబుతాను.

పాల కేంద్రంలో లాక్టోమీటర్ చూసే ఉంటారు. పాలు చిక్కగా ఉంటే అది పైకి తేలుతుంది, నీళ్లు కలిస్తే కిందికి దిగుతుంది. యూరిన్ స్పెసిఫిక్ గ్రావిటీ అంటే అదే లెక్క. ఒకప్పుడు ల్యాబుల్లో అలాంటి తేలే గొట్టంతోనే కొలిచేవారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల రంగు మారే స్ట్రిప్పుతో చూస్తున్నారు. మామూలు నీళ్లు 1.000. అందులో ఉప్పు, యూరియా లాంటివి ఎంత కలిస్తే అంకె అంత పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజు మొత్తంలో 1.003 నుంచి 1.030 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పొద్దున చిక్కగా, రెండు గ్లాసులు తాగాక పల్చగా, ఎండలో తిరిగొస్తే మళ్లీ చిక్కగా. బీపీలాగా దీనికి ‘ఇంత ఉంటేనే నార్మల్’ అనే ఇరుకైన గీత లేదు. రిపోర్టులో అచ్చయ్యే హద్దులు కూడా ల్యాబును బట్టి మారతాయి. ఒకచోట 1.005 నుంచి అంటారు, ఇంకోచోట 1.010 నుంచి. మీ వారి రిపోర్టు మీద ‘తక్కువ’ అన్న గుర్తు కంప్యూటర్ పెట్టింది. ఆ ఉదయం ఆయన ఏం తాగారో దానికి తెలియదు.

మనకు మాత్రం తెలుసు. మీ ఉత్తరంలోనే ఉంది. ఆ రోజు కడుపు స్కానింగ్ జరిగింది. స్కానింగ్‌కు మూత్రాశయం నిండాలని లీటరు, లీటరున్నర నీళ్లు తాగించి కూర్చోబెడతారు. అలా తాగిన మనిషి స్కానింగ్‌కు ముందో వెనుకో సీసాలో పట్టి ఇచ్చిన మూత్రం 1.005 కాక ఇంకేం వస్తుంది? ఆ స్థితిలో 1.025 వస్తే నాకు అనుమానం వచ్చేది. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇది మామూలే. ఒకే ఉదయం అన్నీ కానిచ్చేస్తారు. ఏ పరీక్ష దేన్ని పాడు చేస్తుందో ఎవరూ చెప్పరు.

ఇక మే నెల సంగతి. ఎండలో పని, చెమట, కళ్లు తిరగడం. శరీరంలో నీరు తగ్గింది. అలాంటప్పుడు మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వచ్చి, ‘నీటిని బయటికి పోనివ్వకు’ అని కిడ్నీకి చెబుతుంది. కిడ్నీ ఆ మాట విని నీటిని వెనక్కి లాక్కుంది. మూత్రం 1.030కి చిక్కబడింది. స్ట్రిప్పు మీద పై చివరి గడి అదే. అంటే మీరు ఏ శక్తి పోయిందని జనవరి నుంచి భయపడుతున్నారో, ఆ శక్తి ఉందని మే నెల రిపోర్టు చెబుతోంది. ఆ రోజు ప్రమాదం ఎండ వల్ల వచ్చింది, కిడ్నీ తన పని తాను చేసింది.

చిక్కబరిచే శక్తి నిజంగా తగ్గిన కిడ్నీ ఎలా ఉంటుంది? జబ్బు బాగా ముదిరితే, ఎండలో మాడినా, బిందెడు నీళ్లు తాగినా, అంకె 1.010 దగ్గరే అటూ ఇటూగా ఉండిపోతుంది. ప్రొటీన్లు లేకుండా రక్తం నుంచి వడకట్టిన ద్రవం చిక్కదనం కూడా దాదాపు అంతే. అంటే కిడ్నీ దాన్ని చిక్కబరచనూ లేదు, పల్చబరచనూ లేదు, వచ్చింది వచ్చినట్టు వదిలేస్తోందన్న మాట. మీ వారి మూత్రం ఒక రోజు దానికంటే పల్చగా, ఇంకో రోజు దానికంటే బాగా చిక్కగా వచ్చింది. 1.005కి పల్చబరచడం కూడా పనిచేసే కిడ్నీయే చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట. ఇంతమాత్రాన ఆయన కిడ్నీలకు క్లీన్ చిట్ ఇచ్చినట్టు కాదు. స్పెసిఫిక్ గ్రావిటీ ఒక పూట సంగతి చెబుతుంది. కిడ్నీ ఆరోగ్యానికి చూడాల్సినవి వేరే. ఉద్దానం కుటుంబాలకు ఆ తేడా ఇంకా ముఖ్యం.

షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ముందుగా పోతుంది కాబట్టి యూరిన్ పరీక్షతో తొందరగా తెలుస్తుంది. ఉద్దానంలో కనిపించే జబ్బు చాలామందిలో కిడ్నీలోని సన్నని గొట్టాలను, వాటి చుట్టూ ఉండే కణజాలాన్ని దెబ్బ తీస్తుంది. ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లవాపు రాదు, బీపీ కూడా మొదట్లో పెరగకపోవచ్చు. అందుకే అక్కడ చాలామందికి బాగా ఆలస్యంగా తెలిసింది. కారణం నీళ్లలోని సిలికానా, భారలోహాలా, పురుగుమందులా, ఎండలో కష్టమా, వంశంలో ఉందా అని ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నా, ఇదొక్కటే అని తేలలేదు. కాబట్టి ‘యూరిన్ క్లియర్‌గా ఉంది, ప్రొటీన్ లేదు’ అన్న ఒక్క మాటతో మీ ఇంట్లో నిశ్చింతగా ఉండకూడదు. ఏడాదికోసారి సీరం క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, మూత్రంలో ఆల్బుమిన్‌కు క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తి, బీపీ, షుగర్ చూపించుకోవాలి. తండ్రికి, అన్నకు ఉన్నప్పుడు ఈ మాత్రం అతి కాదు.

ఈజీఎఫ్ఆర్ 89 గురించి. 36 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.1 ఉంటే లెక్క ప్రకారం వచ్చేది అదే. 60కి 90కి మధ్య ఉన్నప్పుడు, మూత్రంలో ఆల్బుమిన్ పోవడమో స్కానింగ్‌లో తేడా కనిపించడమో లాంటి దెబ్బ గుర్తులు కూడా ఉంటేనే దాన్ని జబ్బు అంటారు. అదీ మూడు నెలలకు పైగా అలాగే ఉంటే. 90కి ఒకటి తగ్గిందని జబ్బు అంటగట్టేవాళ్ల మాట వినకండి. ముందు రాత్రి మాంసం గట్టిగా తిన్నా, ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపిస్తుంది. ఒక్క అంకె కంటే, ఏడాదికేడాది అది ఎటు వెళ్తోందన్నదే ముఖ్యం. పాత రిపోర్టులు పారేయకుండా ఒక ఫైలులో పెట్టండి.

మే నెలలో ప్రొటీన్ ‘ట్రేస్’ వచ్చింది కదా. మూత్రం అంత చిక్కగా ఉన్నప్పుడు, మామూలుగా ఉండే కొద్దిపాటి ప్రొటీన్ కూడా స్ట్రిప్పు మీద ఎక్కువగా కనిపిస్తుంది. నేను చెప్పిన నిష్పత్తి పరీక్ష ఈ చిక్కదనం గొడవను తీసేస్తుంది. అది ఒకసారి చేయించండి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం ఇస్తే మంచిది.

ఇప్పుడు ఆదివారం పరీక్ష విషయానికి వద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, చిక్కదనం పరీక్ష జోలికే పోకుండా పైన చెప్పిన రక్త, మూత్ర పరీక్షలు చేయించడం. ఆయనకు ఇది చాలని నా అభిప్రాయం. దీనివల్ల పోయేదేమీ లేదు. కాకపోతే, ‘కిడ్నీ మూత్రాన్ని చిక్కబరుస్తోందా’ అన్న మీ మనసులోని పీకులాట అలాగే ఉండొచ్చు.

రెండోది, ఆ పీకులాట తీరడానికి ప్రమాదం లేని పద్ధతి. రాత్రి భోజనంతోపాటు మామూలుగా నీళ్లు తాగి, తర్వాత దాహం వేస్తే తప్ప తాగకుండా పడుకుని, తెల్లవారి మొదటి మూత్రాన్ని ల్యాబ్‌కు ఇవ్వడం. అది 1.020 దాటితే చిక్కబరిచే శక్తికి ఢోకా లేదనుకోవచ్చు. ఇంకా కచ్చితంగా కావాలంటే ‘యూరిన్ ఆస్మొలాలిటీ’ అడగండి. కరిగిన కణాలను లెక్కబెట్టే పరీక్ష అది. స్ట్రిప్పు దగ్గర వచ్చే తేడాలు ఇందులో చాలావరకు ఉండవు. అయితే ఒక మెలిక ఉంది. వారాల తరబడి ఆరేడు లీటర్లు తాగుతున్న మనిషికి కిడ్నీ లోపలి పొరల్లో ఉండాల్సిన ఉప్పు, యూరియా కొట్టుకుపోతాయి. ఆ నిల్వతోనే కిడ్నీ నీటిని లాక్కుంటుంది. నిల్వ పోతే మంచి కిడ్నీ కూడా కొన్నాళ్లు మూత్రాన్ని పూర్తిగా చిక్కబరచలేదు. అంటే ఇప్పుడున్న పద్ధతిలోనే రేపు పొద్దున పరీక్ష చేయిస్తే 1.012 రావచ్చు, మీరు మళ్లీ హడలిపోవచ్చు. ముందు నీళ్లను మామూలు స్థాయికి తెచ్చి, ఒకటి రెండు వారాలు ఆగి చేయించండి. అన్నం, గంజి తప్ప పప్పు, గుడ్డు, పెరుగు పెద్దగా తినని రోజుల్లోనూ అంకె తగ్గుతుంది, యూరియా తక్కువ తయారవుతుంది కాబట్టి. అప్పటికీ తక్కువే వస్తే డాక్టర్‌కు చూపించాలి. పొటాషియం తగ్గడం, కాల్షియం పెరగడం, లిథియం లాంటి మందులు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు, ఇలా కిడ్నీ ఫెయిల్యూర్‌తో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి.

మూడోది ల్యాబ్ కుర్రాడు చెప్పింది. నీళ్లు ఆపి చేసే పరీక్ష అబద్ధం కాదు, వైద్యంలో ఉంది. రోజుకు మూడు లీటర్లకు పైగా మూత్రం పోతున్నవారిలో ఏడీహెచ్ లోపం ఉందా, కిడ్నీ దాని మాట వినడం లేదా అని తేల్చడానికి ఆసుపత్రిలో చేస్తారు. మధ్యమధ్యలో బరువు తూస్తారు, రక్తంలో సోడియం చూస్తారు, బరువు 3 నుంచి 5 శాతం తగ్గితే వెంటనే ఆపేస్తారు. ఇంట్లో ఇవేవీ ఉండవు. మేలో కళ్లు తిరిగి పడబోయిన మనిషిని, కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉన్న మనిషిని, పగటిపూట నీళ్లు లేకుండా ఎండగట్టడం నాకు ఇష్టం లేదు. పైగా అదే రోజు నడుం నొప్పికి మాత్ర వేసుకుంటే? ఈ దారి వద్దనే నా గట్టి సలహా. మీ వారు ఒప్పుకోకపోవడం మంచిదే అయింది.

ఆ మాత్రల గురించి ఇప్పుడు కాస్త ఎక్కువ చెబుతాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యాల్లో అదొకటి. 1.005 గురించి మూడు పేజీలు రాశారు, మాత్రల గురించి ఒక్క లైను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు బాగా ఉన్న ఆరోగ్యవంతుడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే ఏమీ కాకపోవచ్చు. ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన ఒంట్లో, రోజూ వేసుకుంటే సంగతి వేరు. ఎండదెబ్బ, నొప్పి మాత్ర కలిసి ఒక్క రోజులోనే కిడ్నీని దెబ్బ తీసిన సందర్భాలు ఉన్నాయి. పేరు చూసి కనుక్కోవడం కూడా కష్టం, బ్రాండ్‌కొక పేరు. అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. నొప్పి తప్పనిసరైతే పారాసెటమాల్ మోతాదులో వాడుకోవడం, పైపూతలు, వ్యాయామం లాంటివి డాక్టర్‌తో మాట్లాడి చూడొచ్చు. ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర ఉందని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందే చెప్పాలి. నీళ్ల సీసాలు లెక్కపెట్టే శ్రద్ధలో సగం ఈ మాత్రల మీద పెట్టినా ఆయన కిడ్నీలకు ఎక్కువ మేలు.

మరి నీళ్లు ఎన్ని? ‘ఎక్కువ తాగితే కిడ్నీ కడిగినట్టు అవుతుంది’ అనే నమ్మకానికి గట్టి ఆధారం లేదు. కెనడాలో కిడ్నీ జబ్బు మూడో దశలో ఉన్న 600 మందికి పైగా తీసుకుని, సగం మందిని రోజూ ఇంకో లీటరు, లీటరున్నర అదనంగా తాగమని ఏడాదిపాటు వెంటపడి ప్రోత్సహించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. కిడ్నీ పనితీరు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కిడ్నీలో రాళ్లు వచ్చేవారి సంగతి వేరు. వాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగమని చెబుతారు. దానికి ఉపయోగం ఉంది. మీ వారికి స్కానింగ్‌లో రాళ్లు ఉన్నాయని మీరు రాయలేదు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు చెప్పింది. ఎండలో పనిచేస్తే పెంచుకోవాలంది. సైట్‌లో ఎండలో నిలబడినప్పుడు పావు గంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగమని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ సలహా. గంటకు సుమారు 1.4 లీటర్లు దాటొద్దని కూడా అదే సంస్థ అంటుంది. ఎక్కువ నీళ్లు ఒక్కసారిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మత్తు, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. అంటే రాత్రి ఏడింటికి ఇంటికొచ్చిన మనిషికి పగటి లెక్క పూర్తి చేయడానికి రెండు లీటర్లు పట్టించడంలో అర్థం లేదు. అప్పటికి ఎండ దిగిపోయింది, చెమట ఆగిపోయింది. ఆ నీళ్లన్నీ రాత్రి నిద్ర చెడగొట్టడానికే. ఆయన మూడు నాలుగుసార్లు లేవడానికి అన్నిటికంటే సూటి కారణం మీరు తాగించే నీళ్లే. సాయంత్రం తగ్గించి రెండు వారాలు చూడండి. అప్పటికీ రాత్రికి రెండుసార్లు మించి లేస్తుంటే షుగర్, సోడియం, పొటాషియం, కాల్షియం చూపించండి. అప్పుడు చిక్కదనం పరీక్షకు కూడా అర్థం ఉంటుంది.

రంగు చూసి తెలుసుకోవడం సులువైన పద్ధతి. పొద్దున మొదటిసారి ముదురు పసుపు మామూలే. పగలు లేత పసుపు ఉంటే నీళ్లు సరిపోయినట్టు. రోజంతా నీళ్లలా తెల్లగా ఉంటే అవసరానికి మించి తాగుతున్నట్టు. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే పసుపు పచ్చగా మెరుస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఎండలో పని తర్వాత టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో ఉపాయం: సైట్‌కు వెళ్లే ముందు, వచ్చాక బరువు చూసుకోమనండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు తక్కువ పడిందని. ఇలా తన అంకె తాను చూసుకుంటే, మీరు ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడలో పని పెట్టించుకోవడం సూపర్‌వైజర్‌గా కొంతైనా ఆయన చేతిలో ఉంటుంది. అది తన కింద పనిచేసేవాళ్లకు కూడా మంచిది.

ఆయన కసురుకోవడం గురించి ఒక్క మాట. తండ్రికి సూదులు గుచ్చడం చూసిన కొడుకు ఆయన. మీరు అందించే ప్రతి సీసాలో ఆయనకు ఆ మంచమే కనిపిస్తుంటే తప్పు పట్టలేం. మీ భయంలోనూ తప్పు లేదు. జనవరి రిపోర్టుకు కారణం స్కానింగ్ నీళ్లని ఆయనకు చెప్పండి. మే నెల రిపోర్టు మంచి సంగతే చెప్పిందని కూడా చెప్పండి. “ఇన్నాళ్లూ నేను భయంతో చేశాను, ఇక నీళ్ల లెక్క మీదే, ఏడాదికోసారి పరీక్ష మాత్రం ఇద్దరం కలిసి వెళ్దాం” అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే కొన్నాళ్లు ఆగండి. క్రియాటినిన్ 1.1 ఉన్న మనిషికి నెల రోజుల్లో మించిపోయేదేమీ లేదు. మాత్రల విషయం మాత్రం ఆగకుండా ఇప్పుడే మాట్లాడండి.

బాబుకు తొమ్మిదేళ్లు. ఉద్దానం జబ్బు పెద్దవాళ్లది, ఎక్కువగా ముప్ఫై దాటినవారిలో బయటపడేది. వాడికి ఏ ఇబ్బందీ లేనప్పుడు ఏటా రక్తం తీయించి భయపెట్టకండి. పిల్లల డాక్టర్ దగ్గరికి దేనికైనా వెళ్లినప్పుడు కుటుంబ చరిత్ర చెప్పి, బీపీ ఒకసారి చూడమనండి.

నన్ను కలవరపెట్టిన రెండో వాక్యం మీ అత్తయ్యది. పెద్దోడికి రోజుకో లీటరు దాటనివ్వడం లేదన్నది. మూత్రం చిక్కదనం గురించి మనం ఇంతసేపు మాట్లాడుకున్నది మీ ఇంట్లో నిజంగా అవసరమయ్యేది మీ బావగారికే.

అత్తయ్య ఆ నియమాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఊహించగలను. మావయ్యగారికి డయాలసిస్ రోజుల్లో నీళ్లు కొలిచి ఇమ్మని ఆసుపత్రిలో చెప్పి ఉంటారు. అది సరైనదే. అప్పటికి ఆయనకు మూత్రం దాదాపు ఆగిపోయి ఉంటుంది, తాగిందంతా ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. బావగారి దశ వేరు. మన ఒంట్లో రోజూ తయారయ్యే వ్యర్థాల లెక్క సుమారు 600 మిల్లీఆస్మోల్స్ (కరిగిన కణాలను లెక్కబెట్టే కొలత) అనుకోండి. మంచి కిడ్నీ లీటరులో 1200 దాకా కుదించగలదు కాబట్టి అర లీటరు మూత్రంతో పని అయిపోతుంది. కుదించే శక్తి పోయి 300 దగ్గర ఆగిన కిడ్నీకి అదే పనికి రెండు లీటర్ల మూత్రం కావాలి. క్రియాటినిన్ 2.8 ఉన్నవారిలో, అందులోనూ గొట్టాలను దెబ్బ తీసే జబ్బులో, ఆ శక్తి చాలావరకు తగ్గి ఉంటుంది. అలాంటి మనిషికి కొబ్బరి తోటల ఉక్కలో లీటరు నీళ్లే ఇస్తే వ్యర్థాలు బయటికి పోవు, ఒళ్లు ఎండుతుంది, ఉన్న కాస్త పనితీరూ పడిపోవచ్చు.

అలాగని మీరు ఇక్కడి నుంచి, “నాలుగు లీటర్లు పట్టించండి అత్తయ్యా” అని చెప్పకండి. కాళ్లవాపు, ఆయాసం, గుండె జబ్బు ఉంటే లేదా డాక్టరే తగ్గించమని ఉంటే ఆ మాటే చెల్లుతుంది. ముందు తెలుసుకోవాల్సింది, ఈ లీటరు లెక్క డాక్టర్ రాసిందా, అత్తయ్య పెట్టుకున్నదా అని. అత్తయ్యను నేరుగా తప్పు పట్టినట్టు అడిగితే ఆమె బాధపడతారు. భర్తను పోగొట్టుకుని కొడుకును కాపాడుకుంటున్న మనిషి. మీ వారి చేత ఫోన్ చేయించడం మంచిది. రోజుకు మూత్రం ఎంత వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, కాళ్లు వాచాయా, దాహంగా ఉంటుందా, ఏ మాత్రలు వాడుతున్నారు. ఈ ఐదు సంగతులు కనుక్కోమనండి. ఒక రోజంతా మూత్రాన్ని కొలత గుర్తులున్న సీసాలో పట్టి రాసుకుని, ఆ కాగితంతో ఆయన్ను చూసే నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లమనండి. ఎవరికీ చూపించుకోవడం లేదంటే, 2023 డిసెంబర్‌లో మొదలైన కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పలాసలో ఉంది, కవిటికి పెద్ద దూరం కాదు. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి, ఎండాకాలంలో ఎంత, వాంతులూ విరేచనాలూ అయిన రోజు ఎంత?” జవాబును కాగితం మీద రాయించుకోమనండి. నోటిమాటగా చెబితే అది ఊరు చేరేసరికి మళ్లీ లీటరే అవుతుంది.